గోండుల కథలను ఇంటి నుంచే వెతకాలంటే

ఆదిలాబాద్ రాజ్‌గోండుల గురించి ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లు ముందుగా తడబడేది పేర్ల దగ్గరే. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లలో పనిచేసిన మార్లవాయి ఊరిని ఇప్పటి ఆదిలాబాద్ జిల్లా మ్యాపులో వెతికితే దొరకదు. 2016 జిల్లాల విభజన తర్వాత అది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. కాబట్టి పాత పుస్తకంలోని ఊరి పేరును మండలంతో సహా ఇప్పటి మ్యాపుతో పోల్చి రాసుకోండి. 'గోండు' ఒక్కటే కాక 'కోయతూర్' (గోండులు తమను తాము పిలుచుకునే పేరు), 'పర్ధాన్' (గోండుల కథలు పాడే గాయకులు), 'పెర్సాపేన్' (గోండుల వంశదైవం) అని కూడా వెతకండి. ఈ మాటలతోనే అసలు సరుకు బయటపడుతుంది.

స్కాన్ పుస్తకాల్లో అక్షరాలను యంత్రం తప్పుగా చదువుతుంది, ముఖ్యంగా ఇంగ్లిష్ అక్షరాలపై ఉచ్చారణ గుర్తులు పెట్టి రాసిన గోండి మాటలను. పేజీ బొమ్మ చూడకుండా ఏదీ ఎత్తి రాయొద్దు.

కేస్లాపూర్‌లో గోండుల నాగదేవతకు జరిగే నాగోబా జాతర వీడియోల్లో గుంపును కాదు, ఝరి అనే నీటి పాత్రను గమనించండి. హస్తినమడుగు దగ్గరి గోదావరి జలాన్ని గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన అందులోనే తెస్తారు, పుష్య అమావాస్య రాత్రి పూజకు. పర్ధాన్లు కిక్రి అనే తీగ వాద్యం వాయిస్తూ పాడే కథ వినబడితే వీడియో ఆపి మళ్లీ వినండి. వంశచరిత్ర అంతా ఆ పాటలోనే ఉంటుంది, కింద రాసిన వివరణలో కాదు.