అప్పన్న కొండకి పిల్లలతో

పెళ్ళైన కొత్తలో నాకూ మా ఆయనకీ విశాఖలోని సింహాచలం, అంటే అప్పన్న అని పిలుచుకునే వరాహ నరసింహస్వామి కొండ అనగానే, దాని చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణే. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింద తొలి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరేవాళ్ళం. అడవివరం, ఆరిలోవ, హనుమంతవాక దాటి, జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రంలో మునిగి, ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండ కిందకి చేరేవాళ్ళం. 32 కిలోమీటర్లు. రాత్రంతా నడిచి పౌర్ణమి నాడు దర్శనం చేసుకుంటే ఆ ఏడాదికి సరిపడా బలం వచ్చినట్టుండేది. మామూలు రోజుల్లో వెళ్ళినా మెట్ల దారే. దిగాక బీచ్ రోడ్డు, ఓపిక మిగిలితే కైలాసగిరి కూడా.

ఇప్పుడు పెద్దదానికి నాలుగేళ్ళు, చిన్నోడికి పదకొండో నెల. వాడి పుట్టు వెంట్రుకలు అప్పన్నకే ఇస్తామని మొక్కుకున్నాం. మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి కాబట్టి మా తమ్ముడు ముందురోజే అనకాపల్లి నుంచి వచ్చేశాడు. పంతులుగారు మంచిరోజు చెప్పారు. బయల్దేరే వేళ మాత్రం మేం చిన్నోడి నిద్రని బట్టి పెట్టుకున్నాం. పొద్దున ఏడింటికి పాలు తాగి పడుకుంటాడు, ఆ నిద్రలో ఆటో ఎక్కిస్తే కొండ కింద దాకా లేవడు. శని, ఆదివారాల రద్దీ వద్దని మామూలు వారం చూసుకున్నాం. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. వీలైతే ఎండ ముదరకముందే కొండ మీద ఉండండి. గుడి రాతి నేల ఒకసారి కాలిందంటే ఉత్త కాళ్ళతో పిల్లల్ని నడిపించలేం.

ఇసుకతోట నుంచి హనుమంతవాక, ఆరిలోవ మీదుగా అడవివరం పెద్ద దూరమేం కాదు. అయినా ముడసర్లోవ దగ్గర ఆటో ఆపాల్సి వచ్చింది, పెద్దదానికి వాంతి. గౌను మార్చి, మొహం కడిగి, చెట్టు నీడలో కాసేపు నిలబెట్టాం. ప్రదక్షిణలో ఈ రోడ్డు మీద ఎన్నోసార్లు నడిచినా ముడసర్లోవ దగ్గర ఆగాలని మాకు ఎప్పుడూ తోచలేదు. అవతల కొండలు, ఇవతల జలాశయం, నీటి ఒడ్డున కొంగలు. పాప వాటిని చూస్తూ తేరుకుంది. అత్తయ్య తొందరపెట్టలేదు. "దాని ప్రాణం కుదుటపడనీ అమ్మాయీ, సామి ఎక్కడికీ పోడు" అన్నారు. ఆ మాట ఆ రోజంతా నా వెంటే ఉంది.

కొండ కింద నుంచి దేవస్థానం బస్సెక్కాం. కేశఖండనశాలలో తమ్ముడు బాసింపట్టు వేసుకుని చిన్నోణ్ణి ఒడిలో పెట్టుకున్నాడు. ముందు మూడు కత్తెర్లు వేయించి, తర్వాత నీళ్ళతో తల తడిపారు. చల్లటి నీళ్ళు తగలగానే వాడు గుక్కపట్టాడు. తమ్ముడు రెండు చేతుల్తో వాడి దవడలు కదలకుండా పట్టుకున్నాడు. మంగలాయన కత్తి ఎక్కడా ఆపలేదు, ఎక్కడా తొందరపడలేదు. నుదుటి నుంచి వెనక్కి ఒక గీత, పక్కన మరో గీత. మెత్తటి వెంట్రుకలు తమ్ముడి పంచె మీద రాలుతుంటే అత్తయ్య ఒక్కొక్కటీ ఏరి పళ్ళెంలో వేశారు. మాడు దగ్గరికి వచ్చేసరికి నా గుండె ఆగినంత పనైంది. "భయపడకమ్మా, నా చేతి మీద ఎంతమంది పిల్లలో" అన్నాడాయన, తల ఎత్తకుండానే. స్నానం చేయించి గుండుకి గంధం రాశాక ఏడుపు ఠక్కున ఆగింది. పక్కవాళ్ళ పాపకీ గుండే, వాళ్ళిద్దరూ ఒకరినొకరు కళ్ళార్పకుండా చూసుకున్నారు.

దర్శనం లైన్లో మళ్ళీ ఆకలి. మా ముందు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు, పెద్దవాళ్ళే. వాళ్ళలో ఒకావిడ వెనక్కి తిరిగి, "ఏటమ్మా, గుంట అలాగ ఏడుస్తంటే నిలబడిపోయావు, ముందుకి రా" అని నన్ను లాగింది. మిగిలినవాళ్ళు చీర కొంగులు అడ్డం పెట్టి నాకు చోటు చేశారు. ఆ చాటున కూర్చుని పాలిచ్చాను. పేరు తెలీదు, ఊరు తెలీదు. పిల్లలు లేనప్పుడు ఇలాంటివాళ్ళ పక్క నుంచి ఎన్నిసార్లు దాటిపోయామో. పసిబిడ్డ ఉంటే కొండ మీద ప్రతి ముసలావిడా మన ఇంటి మనిషే.

స్వామిని చూసింది కొన్ని క్షణాలే. చందనంలో మునిగి లింగాకారంలో ఉన్న స్వామిని చూసి పెద్దది గట్టిగా అడిగింది, "అమ్మా, సామి మొహం ఏదీ?" అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారనీ, ఆ రాత్రి నుంచే మళ్ళీ పూస్తారనీ బయటికి వచ్చాక కూర్చోబెట్టి చెప్పాను. ఆ రోజు మూడు మణుగులు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి, మొత్తం 12 మణుగుల చందనం. ఎందుకు పూస్తారంది. హిరణ్యకశిపుణ్ణి చంపిన కోపం చల్లారడానికన్నాను. "తమ్ముడికి ఏడుపు ఆగినట్టా?" అంది. అవునమ్మా అన్నాను. నాకు తెలిసిన కథే, నాలుగేళ్ళ పిల్ల నోట వింటే ఒళ్ళు పులకరించింది.

గుడిలోని కప్పస్తంభం దగ్గర మాత్రం నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళైన కొన్నేళ్ళకి, పిల్లలు కలగట్లేదని అందరూ దిగులుపడుతున్న రోజుల్లో, అత్తయ్యే నన్ను తీసుకొచ్చి ఈ స్తంభాన్ని కౌగిలించుకోమన్నారు. సంతాన వేణుగోపాలస్వామిని తలుచుకుని ఏం అడిగానో ఎవరికీ చెప్పలేదు. ఈసారి నా కూతురు దాన్ని పట్టుకుంది. దాని చేతులు సగం చుట్టు కూడా రాలేదు, బుగ్గ ఆనించి నవ్వింది. అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆ రోజు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, ఈ రోజూ అంతే.

తర్వాత ఎక్కడికీ పరుగెత్తే పని లేదు. గుడి పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి పొద్దుటి పూట ముందువైపు నీడ పడుతుంది. చిన్నోడు ఆ నీడలో చాపేసుకుని నిద్రపోతే మా ఆయన కాపలా కూర్చున్నారు. నేను పాపని తీసుకుని గోడల మీద ఏనుగుల్ని చూపించడానికి వెళ్ళాను. 13వ శతాబ్దంలో తూర్పు గంగరాజు నరసింహదేవుడి కాలంలో ఇప్పటి రూపంలో కట్టిన గుడి ఇది, 1516లో కృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించుకున్నాడు. అవన్నీ చదువుకున్నదాన్నే, కానీ శిల్పాల ముందు ఇంతసేపు నిలబడింది ఇప్పుడే. పాప ఒక్కో ఏనుగు తొండాన్నీ వేలితో గాల్లో గీసి చూసుకుంటూ నడిచింది. ఇదివరకు మేం ఇక్కడ ఎక్కువ చూడాలని వచ్చేవాళ్ళం. పిల్లలతో వచ్చినప్పుడు చూసేది తక్కువే, ఆ తక్కువ మాత్రం లోపలికి దిగుతుంది.

పులిహోర తిని, సంపెంగలు కొనుక్కుని మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాం. బీచ్ రోడ్డు ఊసే ఎత్తలేదు.

ప్రదక్షిణ మానేశామా అని అడుగుతారు. మానలేదు. ఆషాఢంలో మా ఆయన నడుస్తారు, మరుసటి ఏడు నేను. అంత దూరం నడవలేనివాళ్ళు పౌర్ణమి నాడు కొండ మీద గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు, అత్తయ్య అలాగే చేస్తారు. ప్రదక్షిణ దారిలోనే మా ఇసుకతోట ఉంది, ఆ రాత్రి ప్రతి వీధి మొగలోనూ నీళ్ళు, మజ్జిగ, పళ్ళు పంచుతారు. ఎన్నో ఏళ్ళు ఆ మజ్జిగ తాగి నడిచాను. ఈసారి నేనూ పిల్లలూ మా వీధి చివర టేబుల్ వేసుకుని నిలబడతాం. గ్లాసులు అందించే పని పెద్దదానికి. నాన్న వచ్చేదాకా నిద్రపోనని ఇప్పటినుంచే చెబుతోంది.