మిషను మీద మడతబట్టలు

మా ఇంట్లో కుట్టుమిషను మీద ఉన్నన్ని సామాన్లు ఇంకెక్కడా ఉండవు. ఆరిన బట్టలు, పాప డాన్సు క్లాసు సంచి, బాబు అట్టముక్కలు, కరెంటు బిల్లు, ఎవరిదో పెళ్లి పత్రిక. అత్త కాలం నాటి ఉషా కాలిమిషను అది. కుట్టాలంటే ముందు ఇవన్నీ మంచం మీదికి పోవాలి. మూత తీయాలి, జారిపోయిన బెల్టు ఎక్కించాలి, బాబిన్‌కు ఆ గుడ్డకు సరిపోయే రంగు దారం చుట్టాలి. ఇంతలో ఎవరికో ఒకరికి ఆకలేస్తుంది. రాత్రి పడుకోవాలంటే మంచం ఖాళీ కావాలి కదా, తీసినవన్నీ మళ్లీ మిషను మీదికే.

ఈ రోజు ల్యాబులో పొద్దుటి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరేసరికి రెండు దాటింది. మే నెల తిరుపతి ఎండ గురించి కొత్తగా రాసేదేముంది. పిల్లలకు అన్నాలు పెట్టి, కాసేపు ఫ్యాను కింద పడుకుని మిషను వంక చూస్తా ఉంటే ఒక సంగతి తట్టింది. కుట్టడానికి పట్టేది కొంచెం సేపే, దానికి తయారవడానికే పొద్దంతా పోతోంది. జాకెట్టు చేతికి ఒక పక్క కుట్టు లాగడానికి రెండు నిమిషాలు చాలు. దానికి ముందూ వెనకా సర్దుళ్లు అరగంట. ‘తీరిగ్గా ఒక పూట కూర్చుని అన్నీ కుట్టేస్తా’ అని ఏళ్లుగా అనుకుంటా ఉన్నా. పిల్లలున్న ఇంట్లో ఆ పూట రాదు. పదిహేను నిమిషాల ముక్కలు మాత్రం రోజూ దొరుకుతాయి. ఆ ముక్కల్లో జరిగేది చేతిపని ఒక్కటే.

అందుకే బీరువా కింది అర ఖాళీ చేసి, సగంలో ఆగిన కుట్టుపనుల సంచులన్నీ కింద పరిచినా. ఒక్కో సంచి విప్పి, ఎక్కడ ఆగిందో చూసి, తర్వాత ఏం చేయాలో చీటీ రాసి గుండుసూదితో గుచ్చినా. ‘హుక్కులు, చేతిపని.’ ‘పైపింగు, మిషను.’ ‘ఫాల్ కింది అంచు, చేతిపని.’ ఇన్నాళ్లూ సంచి తెరిచిన ప్రతిసారీ ఇది ఎటు వైపు చెయ్యి, లైనింగు ఎక్కడ పెట్టినా అని వెతుక్కోవడంతోనే టైమంతా అయిపోయేది.

పాప పట్టుపావడ సంచి ఆ సాయంత్రమే డాన్సు క్లాసుకు నాతో వచ్చింది. వచ్చే నెలలో మా తమ్ముడి పెళ్లి. ఈ పావడ కుట్టించినప్పుడే అమ్మ పట్టుబట్టి టైలరు చేత లోపలికి రెండు మడతలు వేయించింది, పిల్ల పెరిగేకొద్దీ ఒక్కోటీ విప్పుకోవచ్చని. రెడీమేడ్ గౌన్లలో ఈ తెలివి ఎక్కడుంటుంది? అంచు దగ్గర అర అంగుళం గుడ్డ వదిలితే గొప్ప. క్లాసు మెట్ల మీద కూర్చుని పాత బ్లేడుతో మొదటి మడత కుట్టు విప్పినా. పట్టు కాబట్టి దారాన్ని లాగకూడదు. నాలుగైదు కుట్లకొకసారి కోసి, రెండో వైపు నుంచి మెల్లిగా ఎత్తాలి. మడత తెరుచుకోగానే లోపల వెడల్పాటి పట్టీ బయటపడింది. అది చిక్కటి ఆకుపచ్చ. దాని పైనా కిందా ఉన్న గుడ్డ మాత్రం వెలిసి లేత రంగుకు దిగింది. పాత కుట్టు గీత వెంబడి సూది రంధ్రాలు వరసగా కనబడతా ఉన్నాయి. ఇస్త్రీ పెడితే మడత పోతుందేమో కానీ ఈ రంగు తేడా పోదు. గాంధీ రోడ్డులో సన్న జరీ లేసు తెచ్చి ఆ పట్టీకి రెండు వైపులా వేస్తే కావాలనే పెట్టించిన డిజైనులా ఉంటుంది. లేసు కూడా చేత్తోనే కుట్టుకోవచ్చు.

పక్కన కూర్చున్న ఇంకో అమ్మ ఫోను పక్కన పెట్టి, “మీకు టైము ఎట్లా దొరకతాది మేడం?” అనింది. నా వెనక ఇంట్లో ఎన్ని సంచులు పడి ఉన్నాయో ఆమెకు తెలియదు. నవ్వి ఊరుకున్నా.

కొన్ని సంచులకు మాత్రం చీటీ రాసినా లాభం లేదు. అమ్మ పాత నూలు చీరలతో మొదలుపెట్టిన బొంత అచ్చంగా చేతిపనే. కానీ నాలుగు పొరల చీరలు ఒళ్లో వేసుకుని ఈ ఎండలో కుట్టేదెవరు? చీటీ మీద ‘వానలు పడినాక’ అని రాసి వెనక్కి తోసినా.

కలంకారీ గుడ్డ ఇంకా అడుగున ఉంది. పెళ్లికి ముందు శ్రీకాళహస్తికి పోయి కొన్నాళ్లు నేర్చుకున్నా. కరక్కాయ పొడి, గేదె పాలు పట్టించిన గుడ్డ అది, ఇన్నేళ్లయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన లీలగా తెలుస్తుంది. పాల వల్ల గీత పక్కకు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టిన కసిం అనే రంగు కలంలో ఉన్నంతసేపూ ఏమంత నల్లగా ఉండదు, కరక్కాయ గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. నాకు మొదటిసారి నచ్చింది అదే. నెమలి గీతలన్నీ పూర్తయ్యాయి, రంగులు పడలేదు. పటిక పూయాలి, ఆరబెట్టాలి, ఉతకాలి, మళ్లీ పూయాలి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఒక మనిషి ఇంతసేపు ఎట్లా ఆగగలుగుతాడా అనుకున్నా. ఈ గుడ్డ పూర్తి చేయాలన్న ఆశ ఇప్పుడు లేదు. గీతలు గీతలుగానే ఫ్రేము కట్టిస్తా, నలుపు మీద నెమలి బాగానే ఉంది.

క్రాస్‌స్టిచ్ కిట్టు పక్కింటి అమ్మాయికి ఇచ్చేసినా. ఊలు ఉండలు బాబు తీసుకున్నాడు. వాడిది సెలవల హోంవర్కు, చంద్రగిరి కోట నమూనా. అట్టముక్కలు నిలబడక రాజమహల్ పైఅంతస్తు రెండుసార్లు కూలింది. లోపల పుల్లలు పెట్టి నిలబెడదామంటే, “అసలు దాంట్లో కర్రే వాడలేదంటమ్మా, రాయి, ఇటుక, సున్నంతోనే కట్టినారంట” అని ఒప్పుకోడు. ఫెవికాల్ ఆరేదాకా పట్టుకుని కూర్చునే డ్యూటీ నాకు పడింది. ఇవతల చెయ్యి ఖాళీగా లేక ఆ పదిహేను నిమిషాలు పోయాయి.

ఇవన్నీ ఎన్నాళ్లైనా ఆగుతాయి కానీ గంగమ్మ జాతర ఆగదు. వచ్చే వారమే చాటింపు. మా మరిదికి మొక్కుంది, మాతంగి వేషం, అంటే ఆడవేషం కట్టాల. చీర అత్తది, జాకెట్టు నాది. నాది అంటే నేను కుట్టేది. 42 సైజు చొక్కా వేసే మనిషికి నా దగ్గరున్న పేపరు కటింగు ఏదీ పనికిరాలేదు. అతని చొక్కానే పరిచి, దాని మీద గీసుకున్నా.

“వదినా, మీసం తీయను. చేతులకు మాత్రం పఫ్ పెట్టు” అన్నాడు ఫోన్లో. “డాట్లు...” అని, ఆడవాళ్ల జాకెట్టుకు ఎద దగ్గర వేసే మడతల మాట మధ్యలో ఆపేసినాడు.

పక్కనుండి వింటున్న మా అత్త అందుకుంది: “పెట్టుమే, వేషమంటే వేషంగా ఉండాల. తాతయ్యగుంట గంగమ్మ గుడి కాడ నలుగురూ చూసి నగాల.”

రాత్రి భోజనాలయ్యాక మంచం మీదికి సామాన్లన్నీ తరలించి, మిషను తెరిచి ఆ జాకెట్టు ఒకటే సాంతం కుట్టినా. తేదీ ముంచుకొస్తే సర్దుళ్లు అడ్డం రావని మా ఆయన దెప్పాడు. ఆ మాట నిజమే, కానీ మిషను మీద ఇస్త్రీ చొక్కాలు పెట్టేది ఎవరో కూడా చెప్పమన్నా. చేతుల పఫ్ బాగా వచ్చింది, భుజాల దగ్గర ఇంకొంచెం వదులు ఉంటే బాగుండేది. రేపు డాన్సు క్లాసు మెట్ల మీద హుక్కులు కుట్టేస్తా. జాతర రోజు మరిదికి చీర కుచ్చిళ్లు పెట్టే పని మటుకు మా ఆయనదే అని ఇప్పుడే చెప్పేసినా. యూట్యూబులో చూసి నేర్చుకోమన్నా.