బొమ్మను 20 నిమిషాలు కుళాయి కింద పట్టుకున్న రోజు

కాలిన గాయాల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. అక్కడికి వచ్చిన చిన్నపిల్లల్లో నిప్పంటుకున్నవాళ్ళు తక్కువ. వేడినీళ్ళో, వేడి టీయో ఒలికి కాలినవాళ్ళే ఎక్కువ. అందులోనూ అప్పుడప్పుడే నడక వచ్చినవాళ్ళు. అందుకే తల్లులకు క్లాసులు చెప్పమని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను.

మొదటి క్లాసు బాగా జరగలేదు. భయపడితే జాగ్రత్తపడతారని గాయాల ఫోటోలు చూపించాను. వెనక వరసలో ఒకామె మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. ఆర్నెల్ల కిందట ఆమె బిడ్డకే చెయ్యి కాలిందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికే తనను తాను నిందించుకుంటున్న తల్లికి నేను మళ్ళీ అదే గాయం చూపించాను. మిగతావాళ్ళు మాత్రం "మేం జాగ్రత్తగానే ఉంటాం మేడమ్" అన్నారు. అదీ నిజమే. వాళ్ళకు తెలియనిది నిప్పు సంగతి కాదు, బిడ్డ చెయ్యి ఎంతదూరం అందుతుందన్నది. నిన్న అందని గిన్నె ఇవాళ మునివేళ్ళ మీద నిలబడితే అందుతుంది.

రెండో క్లాసుకు ఫోటోలు పట్టుకెళ్ళలేదు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద చల్లటి రంగునీళ్ళ కప్పు పెట్టి, కింద తెల్లచొక్కా తొడిగిన బొమ్మను నిలబెట్టాను. ఒకామెను మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ అంచు లాగమన్నాను. ఆ ఒక్క కప్పుకే బొమ్మ ముఖం, మెడ, ఛాతీ అంతా రంగైపోయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత నేను అడగకుండానే ఎవరింటి సంగతి వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. వేలాడే కెటిల్ వైరు, పొయ్యి మీద బయటికి తిరిగి ఉన్న గిన్నె పిడి, చల్లారుతుందిలే అని నేల మీద వదిలేసిన ఇస్త్రీ పెట్టె. బిడ్డను ఒళ్ళో పెట్టుకునే టీ తాగుతానని ముగ్గురు చెప్పారు. కాచి పావుగంటైన టీ కూడా పసిచర్మాన్ని కాల్చగలదని చెబితే నమ్మలేకపోయారు.

స్నానం దగ్గర ఎక్కువసేపు ఆగాను. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్నే కొన్ని సెకన్లలో లోతుగా కాలుస్తాయి. పిల్లల చర్మం పలచన, అంత సమయం కూడా పట్టదు. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలిపి, మోచేయి పెట్టి చూడాలి. నీళ్ళు సిద్ధమయ్యాకే బిడ్డను తేవాలి.

అన్నిటికన్నా కష్టమైంది ప్రథమ చికిత్స నేర్పడం. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ళు ధారగా పడాలని చెబితే అందరూ రాసుకున్నారు. అయినా నాకు తృప్తి లేక, బొమ్మ చేతిని కుళాయి కింద పెట్టి పట్టుకోమన్నాను. రెండో నిమిషంలోనే ఒకావిడ "ఇక చాలా మేడమ్?" అంది. వంతులు మార్చుకుంటూ పూర్తి 20 నిమిషాలూ పట్టుకున్నాం. పక్కన బిడ్డ ఏడుస్తుంటే ఆ సమయం ఎంత పొడుగో అప్పుడు అర్థమైంది. నీళ్ళు పడుతుండగానే బట్టలు, గాజులు తీసేయాలి. చర్మానికి అంటుకున్న గుడ్డను మాత్రం లాగకూడదు. కాలని ఒంటిని వెచ్చగా కప్పి ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు వద్దు. వెంటనే నీళ్ళు పట్టలేకపోయినా, మూడు గంటలలోపు పట్టినా మేలే. ఆ తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ళ దగ్గర కాలినా, బిడ్డ అరచేయంత కాలినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కరెంటు వల్ల కాలితే చిన్నదైనా ఆలస్యం చేయకూడదు.

మధ్యలో వెళ్ళిపోయిన ఆమెను నేనే కలిసి క్షమించమని అడిగాను. నాలుగో క్లాసుకు వచ్చింది. ఏమీ మాట్లాడలేదు గానీ, కుళాయి దగ్గర వంతు వచ్చినప్పుడు బొమ్మను తీసుకుని ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు క్లాసు చివర ఒక పని అప్పజెబుతున్నాను. ఇంట్లో బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ ఇదంతా చేసి చూపించాలి. తర్వాతి వారం రాగానే నా మొదటి ప్రశ్న, "ఎవరెవరికి చూపించారమ్మా?"