రసోఽహమప్సు: ఉద్ధరిణెడు నీళ్ళ దగ్గర ఆగి

భగవద్గీత ఏడో అధ్యాయంలో ముప్ఫై శ్లోకాలే ఉన్నాయి. పారాయణలో పది నిమిషాలు పట్టదు. చిన్నప్పుడే నోటికి వచ్చేసింది కాబట్టి ఎనిమిదో శ్లోకం దగ్గర ఏనాడూ ఆగలేదు. ఈ వేసవిలో ఆగాల్సి వచ్చింది.

మేముండే చోట బోరు నీళ్ళు ఉప్పన. వాటితో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. తాగడానికి క్యాన్ తెప్పించుకుంటాం. ఆ నీళ్ళకి ఇదీ అని చెప్పుకోవడానికి ఏ రుచీ ఉండదు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు తెల్లవారుజామున పళ్ళు తోముకుని, అమ్మ బిందెలోంచి ముంచి ఇచ్చిన నూతి నీళ్ళు తాగాను. ఒక్క గుక్కకే ఆగిపోయాను. తియ్యగా ఉన్నాయి. పంచదార తీపి కాదు, పండు తీపి కాదు. మా వైపు "ఆ నూతి నీళ్ళు తియ్యన" అంటారే, ఆ తీపి. ఇన్నేళ్ళూ నేను కూడా అన్న మాటే, కానీ నాలుక మీద నిలిపి చూసింది ఆరోజే.

రసోఽహమప్సు కౌంతేయ ప్రభాస్మి శశిసూర్యయోః. కౌంతేయా, నీళ్ళలో రుచిని నేను, చంద్రుడిలో సూర్యుడిలో వెలుగుని నేను.

నీళ్ళని నేను అనలేదు స్వామి, నీళ్ళలో రుచిని నేను అన్నాడు. దీని ముందు శ్లోకంలోనే, దారంలో మణుల్లా ఇదంతా నాలో కూర్చబడి ఉందని చెప్పాడు. దండలో దారం కంటికి ఆనదు. పొద్దున్నే అమ్మ పక్కన కూర్చుని అరటి నారతో కనకాంబరాలు కడుతుంటే అదే చూశాను. కట్టే దాకా నార వేళ్ళకి తగులుతూనే ఉంటుంది, కట్టాక పువ్వులే కనిపిస్తాయి. మరి ఆ దారం ఎక్కడుందని అర్జునుడు అడగకముందే, రోజూ నీ నోటికి, కంటికి, చెవికి, ముక్కుకి తగిలేది అదేనని చెప్పినట్టు ఉంటాయి తరువాతి శ్లోకాలు. నాకు అర్థమైనంతలో యుద్ధభూమిలో నిలబడ్డ మనిషికి ఇంతకన్నా దగ్గరి గుర్తు ఇవ్వలేరు. దాహం వేస్తే అతను కూడా నీళ్ళే కదా తాగేది.

ఆకాశంలో శబ్దం, నిప్పులో తేజస్సు, ఇవీ చెప్పాడు. కానీ నా మనసు పట్టుకుంది "పుణ్యో గంధః పృథివ్యాం చ", అంటే నేలలో పుణ్యమైన వాసనని నేను, అన్న మాటని. అమ్మ వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లగానే లేచే వాసన అది. చీపురు చప్పుడు ఆగుతుంది, బకెట్లోంచి నీళ్ళు చిమ్మిన చప్పుడు వస్తుంది, ఆ వెంటనే తడిమట్టి వాసన. దాని ముందు ఏ అగరుబత్తీ నిలవదు. మట్టికి పుట్టుకతో ఉన్న వాసన పుణ్యమైనదేనని, నీళ్ళ రుచి మొదలైనవి కూడా అలాగేనని శంకరాచార్యులు ఇక్కడ వ్యాఖ్యానించారు. చెడు తరువాత వచ్చి చేరేదట. ఈ మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

ఒకటి మాత్రం వెతుక్కున్నాను. నింగి, నిప్పు, నీరు, నేల ఉన్నాయి, గాలి ఏది? గాలి గుణం స్పర్శ, దాని పేరు ఈ శ్లోకాల్లో లేదు. గీతకి వ్యాఖ్యానం రాసిన మధుసూదన సరస్వతి మాత్రం "తేజశ్చ" అన్నచోట ఉన్న "చ" (కూడా) అనే ఒక్క అక్షరంలో దాన్ని చదివారు. వేడికి అల్లాడేవాళ్ళకి ప్రాణం లేచొచ్చేలా తగిలే చల్లగాలి, అది కూడా స్వామేనట. మే నెలలో, కరెంటు పోయిన రాత్రి, డాబా మీద పడుకున్నవాళ్ళకి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

తిరిగి వచ్చాక క్యాన్ నీళ్ళనే మట్టికుండలో పోసి పెడుతున్నాను. పొద్దున పూజకి రాగి చెంబులోకి తీసేవి ఆ నీళ్ళే. తులసి దళం వేస్తాను. పూజ అయ్యాక "అకాలమృత్యుహరణం" అంటూ ఉద్ధరిణెతో మూడుసార్లు తీర్థం తీసుకోవడం అలవాటు. ఇదివరకు మూడూ గబగబా మింగేసి బస్సుకి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు మూడోది వెంటనే మింగడం లేదు. కుండ చల్లదనం, కాస్త మట్టి వాసన, తులసి ఘాటు, వాటి వెనకాల ఇంకేదో సన్నగా. అది తెలిసేదాకా నాలుక మీదే ఉంచుతున్నాను.