నాన్న ఐదు రోజుల బడి

మా నాన్నకి 58 ఏళ్లు. తెనాలిలో ప్యాంట్లు, షర్టులు కుట్టే టైలరు. రెడీమేడ్‌లు వచ్చాక చేతికి దొరికేది ప్యాంటు పొడవు తగ్గించడం, జిప్పు మార్చడం, అంతే. రోజంతా కూర్చుంటే మూడొందలు.

పోయినేడాది ఆయన పేరు పీఎం విశ్వకర్మలో, అదే చేతివృత్తుల వాళ్లకోసం కేంద్రం పెట్టిన పథకంలో, పెట్టించాను. అంతకుముందు ఏ శిక్షణ గురించి అడిగినా వయసు దగ్గరే ఆగిపోయేది. పల్లెల్లో యువతకి పని నేర్పే డీడీయూ-జీకేవై లాంటి పథకాలు 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకి. విశ్వకర్మకి 18 నిండితే చాలు, పై హద్దు లేదు. పేరు నమోదుకి వేలిముద్ర మాత్రం నాలుగుసార్లు పెడితే గానీ పడలేదు. నలభై ఏళ్లు సూదిపోట్లు తిన్న వేళ్లు కదా!

శిక్షణ ఐదు రోజులు, రోజుకి 500 రూపాయల భత్యం. "నాకెవరు నేర్పుతారే కుట్టుపని?" అని మొదటిరోజు విసుక్కుంటూనే వెళ్లాడు. నేర్పే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ఆమె ఈయన్ని "మాస్టారూ" అంటే, ఈయన ఆమెని "మేడం" అంటాడు. మూడోరోజు ఇంటికొచ్చి పాత న్యూస్‌పేపరు నేలమీద పరిచి, చాక్‌పీసుతో ప్రిన్సెస్ కట్ జాకెట్టు గీశాడు. చంక దగ్గర వంపు కుదరక మూడుసార్లు చెరిపాడు. ఇన్నేళ్లలో ఆడవాళ్ల జాకెట్టు ముట్టుకోని మనిషి! అమ్మ వంట మానేసి గుమ్మంలో నిలబడి చూసింది.

ఒక లోటు ఉంది. ఐదు రోజుల్లో ఎవరూ ఆయన కళ్లు ఎలా ఉన్నాయని అడగలేదు. సూదిలో దారం ఎక్కించడానికి పక్కాయన్ని బతిమాలుకునేవాడట. పనిముట్ల కోసం 15 వేల వోచరు ఇస్తారు, అందులో కళ్లజోడు రాదు. దాన్ని నేనే కొనిచ్చాను. చాలా ముందే చేయాల్సిన పని, నా తప్పే. లక్ష రూపాయల అప్పు, 5 శాతం వడ్డీకే ఇస్తామన్నా, "అప్పొద్దు తల్లీ" అని దండం పెట్టేశాడు.

ఇప్పుడు వారానికి నాలుగైదు జాకెట్లు వస్తున్నాయి. లక్షలేం కాదు. కానీ రాత్రి ఎనిమిదయ్యేసరికి ఫోను మోగుతుంది. శిక్షణలో పక్కన కూర్చున్న దుగ్గిరాల టైలరు. హుక్కుల పట్టీ ఎంత వెడల్పు పెట్టాలో ఇద్దరూ అరగంట వాదించుకుంటారు. అన్నం చల్లారిపోతోందని అమ్మ లోపల్నుంచి అరుస్తుంటుంది.