ఇంట్లోనే పికప్‌కి లెవెలింగ్ కిట్ వేశాను: నా అనుభవం

పికప్ ట్రక్కు ఖాళీగా నిలబడినప్పుడు ముందు భాగం కిందికి వాలి, వెనక పైకి లేచి కనిపిస్తుంది కదా, అది తయారీ లోపం కాదు. వెనక బెడ్‌లో బరువు వేసినా ట్రైలర్ తగిలించినా వెనక స్ప్రింగులు కుంగుతాయి, అప్పుడు బండి సమానంగా నిలబడాలని ముందే ఆ వాలు పెట్టి తయారు చేస్తారు. నా బండిలో పెద్ద లోడు వెయ్యడం చాలా తక్కువ, పైగా ముందు బంపర్ కింద ఇంకాస్త జాగా కావాలని చాలా రోజులుగా ఉంది, అందుకే ముందు వైపు మాత్రమే లేపే లెవెలింగ్ కిట్ వేద్దామని నిర్ణయించుకున్నాను. రోజూ బరువులు మోసే బండికి మాత్రం వెయ్యమని నేను చెప్పను. ముందు లేపేశాక వెనక లోడు పడితే బండి ముందు భాగం పైకి లేస్తుంది, స్టీరింగ్ తేలికైపోతుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో మన లైట్లు పడతాయి.

కిట్ కొనేముందు కొలతలు తీసుకోవాలి. చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, నేల నుంచి ముందు మడ్‌గార్డ్ అంచుకి, వెనక మడ్‌గార్డ్ అంచుకి టేపు పెట్టాను. తేడా దాదాపు రెండుంపావు అంగుళాలు వచ్చింది. ఇంకో కొలత కూడా రాసి పెట్టుకోవాలి, చక్రం హబ్ మధ్య నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డ్ అంచు వరకు. పని అయ్యాక ఎంత లేచిందో తేల్చేది ఇదే, ఎందుకంటే టైరులో గాలి తగ్గినా, టైరు మార్చినా ఈ కొలత మారదు. నా బండిలో ఎడమ వైపు కుడి వైపు కంటే పావు అంగుళం తక్కువ ఉంది. ఇది ముందే రాసుకోకపోతే తర్వాత ఒక వైపు సరిగ్గా కూర్చోలేదేమోనని అనవసరంగా టెన్షన్ పడతాం.

రెండు అంగుళాల కిట్ తీసుకున్నాను. పెట్టె విప్పితే అందులో ఉన్న స్పేసర్ (ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే బిళ్ల) మందం అంగుళం చుట్టూనే ఉంటుంది, చాలామందికి అక్కడే అనుమానం వస్తుంది, తప్పు కిట్ వచ్చిందా అని. తప్పేం కాదు. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం, దాని కింది చివర లోయర్ ఆర్మ్‌కి (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది ఇనుప చెయ్యికి) మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది, చక్రం మాత్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది, కాబట్టి స్ట్రట్ దగ్గర ఒక అంగుళం కిందికి తోస్తే చక్రం దగ్గర అది దాదాపు రెండు అంగుళాలవుతుంది. నాది స్ట్రట్ పైన, బాడీకీ స్ట్రట్‌కీ మధ్య కూర్చునే రకం. స్ప్రింగ్‌ని ఇంకా నొక్కి లోపల పెట్టే రకం కూడా ఉంది, దానికి స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి, ఇంట్లో ఆ పని పెట్టుకోవాలని నాకు అనిపించలేదు. ముందు కాయిల్ స్ప్రింగ్ లేకుండా టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీ) ఉండే పికప్‌లకి ఈ పద్ధతే వేరు, నేను రాసేది స్ట్రట్ ఉన్న బండి గురించి.

ముందు రోజు రాత్రే అన్ని నట్ల మీదా తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాను. దీనికి పట్టేది ఐదు నిమిషాలే, మర్నాడు పానా పట్టుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. పొద్దున్నే హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టి, చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తి ముందు ఛాసిస్ కింద రెండు వైపులా జాక్ స్టాండ్లు పెట్టాను. స్టాండ్లు ఛాసిస్ కిందే ఉండాలి, ఆర్మ్ కింద పెడితే సస్పెన్షన్ కిందికి దిగదు, పని జరగదు. స్టాండ్ల మీద నిలబెట్టాక బండిని భుజంతో గట్టిగా ఊపి చూశాను. కదలకుండా నిలబడితేనే కింద చెయ్యి పెట్టాలి, జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని ఎవరూ ఈ పని చెయ్యొద్దు.

విప్పేటప్పుడు మొదట చూడాల్సినవి సన్నవి, బ్రేక్ పైపు, ఏబీఎస్ వైరు. రెండూ ఆర్మ్‌కీ, చక్రం హబ్‌ని మోసే నకిల్‌కీ చిన్న బ్రాకెట్లతో బిగించి ఉంటాయి. పైన ఆర్మ్‌నీ నకిల్‌నీ కలిపే బాల్ జాయింట్ (గుండ్రటి కీలు) విడిపోగానే నకిల్ బయటికి పడుతుంది, ఆ బరువంతా బ్రేక్ పైపు మీద వేలాడితే పైపు లోపల దెబ్బతిన్నా పైకి కనపడదు. అందుకే బ్రాకెట్లు ముందే విప్పి, నకిల్‌ని కట్టెయ్యడానికి ఒక గట్టి పట్టీ సిద్ధంగా పెట్టుకున్నాను. నాది ఫోర్ బై ఫోర్ కాబట్టి యాక్సిల్ షాఫ్ట్ సంగతి కూడా ఉంది, నకిల్ మరీ బయటికి వాలితే లోపలి జాయింట్ ఊడి వస్తుంది. పట్టీ ఆ పనికి కూడా ఉపయోగపడింది.

మలుపుల్లో బండి పక్కకి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ బార్ లింక్ రాడ్లు రెండు వైపులా ఒకేసారి విప్పాలి. ఒక వైపే విప్పితే రెండో వైపు బార్‌ని పట్టుకుని మన ఆర్మ్‌ని కిందికి దిగనివ్వదు. స్టీరింగ్‌ని నకిల్‌కి కలిపే టై రాడ్ ఎండ్, అప్పర్ బాల్ జాయింట్ రెండిటికీ స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు పూర్తిగా ఊడదీయకుండా కొన్ని చుట్లు ఉంచేసి, సుత్తితో కొట్టాను. కొట్టాల్సింది బోల్టు మీద కాదు, దాన్ని పట్టుకున్న నకిల్ కన్ను పక్కన. లోపల స్టడ్ కోన్ ఆకారంలో బిగుసుకుని ఉంటుంది, చుట్టూ ఉన్న ఇనుముకి దెబ్బ తగిలితే ఆ పట్టు వదులుతుంది. మొదటి దెబ్బలకి ఏమీ కాలేదనిపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా టప్ మని శబ్దం వచ్చి నకిల్ కిందికి జారుతుంది, మనం వదిలిన ఆ నాలుగు చుట్ల నట్టు దాన్ని ఆపుతుంది. రబ్బరు బూటు చిరిగే ఫోర్కు లాంటి పనిముట్టు నేను వాడలేదు, జాయింట్లు మళ్లీ వాడుకోవాలి కదా.

స్ట్రట్ దించేముందు పెయింట్ మార్కర్‌తో పైన బయటి వైపు ఎటు ఉందో గుర్తు పెట్టాను. పైన మూడు చిన్న నట్లు ఉంటాయి, వాటి మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. విప్పాల్సింది ఆ మూడే. మధ్య నట్టుని ముట్టుకోకూడదు, స్ప్రింగ్ మొత్తాన్ని నొక్కి పట్టుకుని ఉన్నది అదే, అది ఊడితే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రట్ కింది బోల్టు తీశాక మొత్తం చేతుల్లోకి వస్తుంది, బరువుగానే ఉంటుంది. స్పేసర్‌ని పైన కూర్చోబెట్టి నట్లు బిగించడం ఈ పనిలో అన్నిటికంటే తేలిక, చూడాల్సిందల్లా స్పేసర్ కొత్త స్టడ్లు బాడీ రంధ్రాలకీ, కింద కన్ను ఆర్మ్ బోల్టుకీ ఒకే వరసలో వస్తున్నాయా అన్నది. స్పేసర్‌ని బట్టి స్ట్రట్‌ని కొంచెం తిప్పాల్సి రావచ్చు, అందుకే ఆ మార్కు.

తిరిగి ఎక్కించడం దగ్గర ఒళ్లు వంగుతుంది. స్ట్రట్ ఇప్పుడు అంగుళం పొడవైంది, ఆర్మ్ అంత కిందికి దిగనంటుంది. నేను లోయర్ ఆర్మ్ బోల్టులు కాస్త వదులు చేశాను. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) సర్దే క్యామ్ బోల్టులు అవే కాబట్టి, వదులు చేసేముందు వాషర్ ఏ గీత మీద ఉందో మార్కర్‌తో గీశాను. పొడవాటి ప్రై బార్‌తో ఆర్మ్‌ని కిందికి తొక్కి పట్టుకుంటే తమ్ముడు స్ట్రట్ కింది కన్నుని లోపలికి తోశాడు. తర్వాత వాడు జాకీ దగ్గర, నేను పైన బాల్ జాయింట్ దగ్గర. "అన్నా, ఇంకొంచెం లేపనా?" "మెల్లగా, మెల్లగా... చాలు, ఆపు." స్టడ్ రంధ్రంలోకి వచ్చింది కానీ నట్టు తిప్పితే స్టడ్ కూడా దాంతో పాటే తిరుగుతోంది. ఇది అందరికీ ఎదురయ్యేదే. కింద జాకీ ఒత్తిడి ఇంకాస్త పెంచి, అప్పర్ ఆర్మ్‌ని పైనుంచి గట్టిగా నొక్కితే కోన్ బిగుసుకుని స్టడ్ ఆగుతుంది, అప్పుడు నట్టు దిగుతుంది. ఇంపాక్ట్ గన్ ఇక్కడ వాడకుండా చేత్తోనే బిగించాను. స్ప్లిట్ పిన్నులు పాతవి పడేసి కొత్తవి వెయ్యండి. రెండో వైపు కూడా ఇదే, చెయ్యి అలవాటు పడింది కాబట్టి త్వరగా అయిపోయింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన మాట. ఆర్మ్ బోల్టులు, స్ట్రట్ కింది బోల్టు గాలిలో ఉండగా పూర్తిగా బిగించెయ్యొద్దు. ఆ బోల్టులు దూరే బుష్‌లలో (రబ్బరు కీళ్లలో) రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, అది జారదు, మెలి తిరుగుతుంది అంతే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే ఆ వేలాడే స్థితే దానికి విశ్రాంతి స్థితి అయిపోతుంది, బండి కిందికి దించగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉంటుంది. ముందు కొన్నాళ్లు బండి ఉండాల్సిన దానికంటే ఎత్తుగా, బిర్రుగా అనిపిస్తుంది, తర్వాత బుష్ చిరుగుతుంది. కిట్ వేశాక బండి గట్టిగా కొడుతోందని స్పేసర్‌ని తిట్టేవాళ్లలో కొందరి బాధ నిజానికి ఇదేనని నా నమ్మకం. అప్పర్ ఆర్మ్ బోల్టులు అసలు విప్పాల్సిన పని లేకపోయినా వాటినీ వదులు చేశాను, ఎందుకంటే ఆ బుష్‌లు పాత ఎత్తులో బిగించినవి, ఇప్పుడు ఎత్తు మారింది. చక్రాలు వేసి, బండి దించి, ముందుకీ వెనక్కీ కొద్దిగా తోసి, బంపర్ మీద బరువేసి ఊపి సస్పెన్షన్ కుదురుకోనిచ్చి, అప్పుడు కింద పడుకుని ఒక్కొక్క బోల్టునీ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించాను. ఇరుకుగా ఉంటుంది, చెయ్యి సరిగ్గా తిరగదు, విసుగొస్తుంది. అయినా వదలకండి.

హబ్ నుంచి కొలిస్తే రెండు వైపులా రెండు అంగుళాలకి కాస్త అటూ ఇటూగా లేచింది, ఎడమ కుడి మధ్య పాత పావు అంగుళం తేడా అలాగే ఉంది. వెనక ఇంకా కొంచెం ఎత్తుగా ఉంచుకోవడం నా ఉద్దేశమే, అలాగే వచ్చింది.

హెడ్‌లైట్ల సంగతి చాలామంది వదిలేస్తారు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 140 అంగుళాలు అనుకుందాం, ముందు 2 అంగుళాలు లేపితే బండి మొత్తం నూటికి దాదాపు 1.4 చొప్పున వెనక్కి వాలుతుంది. అంటే 10 మీటర్ల దూరంలో గోడ మీద వెలుగు దాదాపు 14 సెంటీమీటర్లు పైకి పోతుంది, లైట్లు పైకి జరిగిన ఆ 5 సెంటీమీటర్లు కాకుండానే. డిప్ లైట్లు సాధారణంగా 10 మీటర్లకి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి ఉండేలా సర్దుతారు, మన 2 అంగుళాలు ఆ వంపు మొత్తాన్ని తినేస్తాయన్నమాట. ఆ సాయంత్రమే గోడ ముందు నిలబెట్టి, హెడ్‌లైట్ వెనక ఉన్న స్క్రూ తిప్పి వెలుగు కిందికి దించేశాకే రోడ్డెక్కాను. ముందు కెమెరా, రాడార్ ఉన్న కొత్త బళ్లకి అవి కూడా మళ్లీ సర్దించుకోవాల్సి రావచ్చు, మాన్యువల్ చూడండి.

వీల్ అలైన్‌మెంట్ తప్పదు. ఆర్మ్‌ల కోణం మారింది కాబట్టి టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలే కోణం) రెండూ కదులుతాయి, మార్కుల దగ్గరే బిగించినా సరిపోదు, ఆ మార్కులు షాపు వరకు భద్రంగా వెళ్లడానికే. నేను మెల్లగా నడుపుకుంటూ నేరుగా అక్కడికే వెళ్లాను, స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి కొంచెం పక్కకి లాగుతూనే ఉంది, అలైన్‌మెంట్ అయ్యాక అది పోయింది.

100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, లింక్ రాడ్లు, స్ట్రట్ పైన మూడు నట్లు మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూశాను, చక్రాల నట్లలో రెండు మూడు కాస్త తిరిగాయి, మిగతావి కదల్లేదు. బండి నడవడం దాదాపు మునుపటిలాగే ఉంది, పెద్ద గుంతలో చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు మాత్రం చిన్న టక్ వినిపిస్తుంది. ఇక నుంచి ఆయిల్ మార్చిన ప్రతిసారీ యాక్సిల్ షాఫ్ట్ రబ్బరు బూట్లు, బాల్ జాయింట్ బూట్లు టార్చి వేసి చూస్తాను, కొత్త కోణం వల్ల ఎక్కువ అరిగేవి అవే.