13వ కీర్తన పాడుకున్న రోజులు

నాన్న చనిపోయాక కొన్ని నెలలు నాకు ప్రార్థన రాలేదు. మోకరించి "ప్రభువా" అనేదాన్ని, ఆపైన మాట పెగిలేది కాదు. ఆదివారం సంఘంలో మాత్రం పాడగలిగేదాన్ని. అందరి గొంతులూ కలిసినప్పుడు మన గొంతు కూడా వాటి వెంట వెళ్లిపోతుంది. దేవుని ఎదుట ఒక్కదాన్నే కూర్చోవడమే కష్టమైంది.

బైబిల్లోని కీర్తనల గ్రంథం తిరగేస్తూ 13వ కీర్తన దగ్గర ఆగాను. ఉన్నది ఆరు వచనాలే. ఇంకెంతకాలం అని దావీదు మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తాడు. పైన "ప్రధానగాయకునికి" అని ఉంటుంది. అంటే అంత బాధనూ పాడమనే ఇచ్చారు! అది చూశాక నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. 88వ కీర్తనైతే చీకటి దగ్గరే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా ఉండదు. అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు.

రోజూ తలుపు వేసుకుని ఆ రెండు వచనాలే నాకు తోచిన రాగంలో పాడేదాన్ని. ఫోన్‌లో పాటలు పెట్టుకోలేదు. వినడం కూడా మంచిదే, కానీ అప్పుడు నా నోటితో నేను అడగాలి. గొంతు జీరబోయేది, రాగం మధ్యలో తెగిపోయేది. ఆత్మతోనూ మనస్సుతోనూ పాడతానని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాశాడు కదా, అందుకే మనస్సు ఒప్పుకోని మాటను పాడలేదు. యెహోవాను కీర్తిస్తానని చెప్పే ఆరో వచనం అలా చాలాకాలం పక్కనే ఉండిపోయింది.

మార్పు నెమ్మదిగా వచ్చింది. వచనానికీ వచనానికీ మధ్య ఆగినప్పుడు సొంత మాటలు రావడం మొదలైంది. నాన్న గురించి, ఆసుపత్రిలో గడిపిన రాత్రుల గురించి దేవునికి చెప్పుకున్నాను. ఒకరోజు ఆరో వచనం కూడా పాడాను. దుఃఖం పోలేదు, ఏడుస్తూనే పాడాను.

పౌలు, సీలలు చెరసాలలో పాడిన సంగతి అప్పుడే నాకు బాగా అర్థమైంది. వాళ్లు పాడింది చెరసాల తలుపులు తెరిచిన భూకంపం రాకముందు, కాళ్లు బొండలో, అంటే ఖైదీల కాళ్లు బిగించే కొయ్యలో ఉండగా. తలుపులు తెరుచుకుంటాయని వాళ్లకు తెలియదు. వ్యక్తిగత ఆరాధన అంటే నాకు ఇదే. పరిస్థితి బాగుపడేదాకా ఆగకుండా, ఉన్నది ఉన్నట్టు దేవునికే పాడడం.

ప్రార్థన రావడం లేదని ఎవరైనా నాతో అంటే, 13వ కీర్తన మొదటి రెండు వచనాలు పైకి పాడమంటాను. ఆరో వచనానికి తొందరపెట్టను.